ఆపదలో ఉన్న ఆడవాళ్లకీ కుటుంబాలకీ విరాళం: వస్తువులివ్వాలా, డబ్బివ్వాలా, సంస్థకివ్వాలా?

మందారం (ప్రశ్న):

మేం ముప్ఫై మందిమి, ఒకే ఆఫీసు. నెలనెలా తలా కొంత వేసుకుని, కష్టంలో చిక్కుకున్న ఆడవాళ్లకీ పిల్లలున్న పేద కుటుంబాలకీ ఇద్దామనుకున్నాం. పోగుచెయ్యడం తేలికే అయింది, ఎలా ఇవ్వాలన్న దగ్గర మూడు పార్టీలుగా చీలిపోయాం. ఒకరు వస్తువులే ఇద్దామంటారు: పాత బట్టలు, సరుకులు, కుట్టు మిషన్లు. డబ్బు చేతికిస్తే మొగుడు లాక్కుని తాగేస్తాడని వాళ్ల భయం. రెండోవాళ్లు, ఎవరికి ఏం కావాలో వాళ్లకే తెలుసు, నగదే ఇద్దామంటారు. మూడోవాళ్లు షెల్టర్ నడిపే సంస్థకి ఇచ్చేసి ఊరుకుందామంటారు, కానీ అందులో జీతాలకెంత పోతుందోనని వాళ్లకే గుబులు. వీటన్నిటి మీదా, సాయం అందుకున్నవాళ్ల ఫోటోలు నెలకోసారి గ్రూపులో పెట్టాలని కొందరి పట్టుదల. ఏది పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

గడపదాటి:

ముందు ఫోటోల సంగతి తేల్చుకోండి. మిగతావి తప్పయితే డబ్బు పోతుంది, ఇది తప్పయితే ప్రాణాల మీదికొస్తుంది.

హింస భరించలేక ఇల్లు వదిలిన మనిషికి ఎక్కువ ప్రమాదం వదిలిన తర్వాతి రోజుల్లోనే. ముఖం కనబడకుండా తీశాం కదా అంటారు. కిటికీ అవతల బోర్డు, పిల్లాడి స్కూలు యూనిఫాం, ఫోటో ఫైల్లో దాగి ఉండే లొకేషన్, వీటిలో ఏ ఒక్కటి దొరికినా వెతికేవాడికి చాలు. అందుకే పద్ధతిగా నడిచే షెల్టర్లు చాలావరకు దాతలకి కూడా అడ్రసు చెప్పవు, సామాను వేరే ఆఫీసులో దించమంటాయి. దానికి అలగకండి. అడగ్గానే ఫోటోలు పంపించే చోటే అనుమానించాలి.

ఫోటోకి బదులు అంకెలు అడగండి. ఈ మూడు నెలల్లో ఎంతమంది వచ్చారు, సగటున ఎన్నాళ్లున్నారు, ఇక్కణ్నుంచి ఎక్కడికెళ్లారు, చోటు లేక ఎంతమందిని తిప్పి పంపారు. చివరిది చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు గానీ, మీ డబ్బు అవసరం ఎంతుందో తేల్చేది ఆ అంకే.

ఇక డబ్బు ఎక్కడ పనికొస్తుందంటే, రెండు చోట్ల. బయటికొచ్చిన మొదటి వారంలో ఖర్చులు చిన్నచిన్నవి, కానీ వరసగా వచ్చిపడతాయి: బస్సు చార్జీలు, కొత్త సిమ్, ఇంట్లోనే ఉండిపోయిన గుర్తింపు కార్డులకు నకళ్లు, పిల్లల మందులు, లాయరు దగ్గరికి తిరగడం. వీటికి కూడా దరఖాస్తు, మూడు సంతకాలు, కమిటీ మీటింగు అంటే ఆ డబ్బు వచ్చేలోపు ఆమె వెనక్కి వెళ్లిపోతుంది. చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం వల్లే మళ్లీ అదే ఇంటికి చేరేవాళ్లు చాలామంది. సంస్థని ఇలా అడగండి: అత్యవసర నిధి ఉందా, కేస్ వర్కర్ (ఆమె సంగతి దగ్గరుండి చూసుకునే ఉద్యోగి) ఎవర్నీ అడక్కుండా అదే రోజు ఎంతవరకు ఇవ్వగలదు?

రెండోది షెల్టర్ నుంచి అద్దె ఇంటికి మారేటప్పుడు. అడ్వాన్సు, మొదటి నెల అద్దె, స్టవ్వు, నాలుగు గిన్నెలు, పరుపులు అన్నీ ఒకేసారి కావాలి. ఉద్యోగం దొరికినా మొదటి జీతం చేతికొచ్చేసరికి నెల దాటుతుంది. ఆ మధ్య ఖాళీని పూడ్చేవాళ్లు లేక షెల్టర్‌లోనే నెలల తరబడి ఉండిపోతారు, బయట ఇంకొకరు చోటు లేక తిరిగిపోతుంటారు. ఫోటోకి పనికొచ్చే ఖర్చు కాదు కాబట్టి దీనికి ఇచ్చేవాళ్లు తక్కువ.

మొగుడు లాక్కుంటాడన్న భయం ఉత్తదేం కాదు, కానీ దానికి విరుగుడు సరుకులు కాదు. సరుకులూ అమ్ముడుపోతాయి. డబ్బు ఏ ఖాతాలో పడుతోందో చూడాలి. ఖాతా ఆమె పేరునే ఉండొచ్చు. బ్యాంకు మెసేజీలు ఏ నంబరుకి వెళ్తున్నాయి? కార్డు ఎవరి జేబులో ఉంది? ఉత్తరాలు ఏ ఇంటికొస్తాయి? అసలు ఓటీపీ ఎవరి ఫోనుకొస్తుంది? ఈ నాలుగూ చూసుకోకుండా పాత ఖాతాలో వేస్తే, వేశారన్న కబురు ముందు అతనికే చేరుతుంది. ఖాతా వేరే బ్యాంకులో, కొత్త నంబరుతో, కొత్త ఈమెయిల్‌తో తెరవాలి. అది తయారయ్యేదాకా సంస్థ రసీదు రాయించుకుని నగదుగా ఇవ్వొచ్చు.

---

తూకంరాళ్లు:

గడపదాటి గారు చెప్పింది ఇంటి హింస సంగతి. పేదరికం, వరద, భూకంపం లాంటివాటికి లెక్క కొంచెం వేరు.

డబ్బిస్తే తాగేస్తారన్న వాదన మీద గట్టి పరిశోధనే ఉంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పలు దేశాల నగదు సాయం పథకాల మీద జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, మద్యం, పొగాకు ఖర్చు పెరిగినట్టు తేలలేదు, చాలాచోట్ల కాస్త తగ్గింది కూడా. మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం నగదును తల్లుల చేతికే ఇచ్చింది. పిల్లల చదువు, ఆరోగ్యం మీద దాని ఫలితాలు చూసి తర్వాత ఎన్నో దేశాలు అదే దారి పట్టాయి.

అయితే నగదు పనిచెయ్యాలంటే కొనడానికి సరుకు ఉండాలి. విపత్తు జరిగిన వెంటనే చూడాల్సినవి మూడు: దుకాణాలు తెరిచి ఉన్నాయా, కొత్త స్టాకు వస్తోందా, ధరలు నిలకడగా ఉన్నాయా. రోడ్లు తెగి సరుకు రాని చోట డబ్బు కుమ్మరిస్తే ధరలు పెరగడం తప్ప ఒరిగేదేం ఉండదు. అప్పుడు వస్తువులే పంపాలి, అదీ లెక్క ప్రకారం. సహాయ సంస్థలు వాడే స్ఫియర్ ప్రమాణాల్లో కొన్ని ఇవి: మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, నెలకి ఒంటిసబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు, ఇంటికి మూతపెట్టే నీళ్ల డబ్బాలు రెండు. నెలసరి వచ్చేవాళ్లకి నెలకి 15 వాడిపారేసే ప్యాడ్లు, లేదా ఏడాదికి ఉతికి వాడే ప్యాడ్లు ఆరు, లోదుస్తులు ఆరు, అదనంగా నెలకి 250 గ్రాముల సబ్బు. ఏ రకం కావాలో వాళ్లనే అడగాలి. నీళ్లు చాలని శిబిరానికి ఉతికే ప్యాడ్లు పంపితే అవి ఉతికేదెక్కడ, ఆరేసేదెక్కడ?

పాత బట్టలు మాత్రం వద్దే వద్దు. దించడానికి, వేరుచెయ్యడానికి, సైజులు చూడ్డానికి అక్కడున్న కొద్దిమందీ రోజుల తరబడి కూర్చోవాలి. చివరికి గుట్టలుగా తడిసి కుళ్లిపోతాయి. ఇవ్వాలనుకుంటే కొత్త లోదుస్తులు ఇవ్వండి, సైజుల వారీగా. అన్నిచోట్లా కరువయ్యేవి అవే.

---

మందారం:

ఇద్దరికీ ధన్యవాదాలండి. ఫోటోల పార్టీకి మొదటి జవాబే చూపించాను, చప్పుడు లేదు! ఒక చిన్న సందేహం. వరదొస్తే పసిపిల్లలకి పాలపొడి డబ్బాలు పంపుదామని ఒకరన్నారు. దానిలో తప్పేం లేదు కదా?

---

తూకంరాళ్లు:

అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. 2006లో ఇండోనేషియాలోని యోగ్యకర్త భూకంపం తర్వాత పాలపొడి డబ్బాలు విచ్చలవిడిగా పంచారు. విరాళంగా వచ్చిన పాలపొడి అందిన పిల్లల్లో, అందనివాళ్లతో పోలిస్తే విరేచనాలు రెట్టింపుకు మించి కనిపించాయి. కారణం తెలిసిందే. కలపడానికి నీళ్లు శుభ్రంగా ఉండవు, సీసా మరగబెట్టడానికి పొయ్యి ఉండదు. ఇంకోటి, డబ్బా చేతికొచ్చాక తల్లి పాలివ్వడం తగ్గిస్తుంది, దాంతో పాలు తగ్గిపోతాయి, పంపిన డబ్బాలు అయిపోతాయి. తల్లి లేని బిడ్డకో, తల్లి పాలివ్వలేని బిడ్డకో పాలపొడి కావాల్సిందే. కానీ అది ఆరోగ్య కార్యకర్త చూసి, నీళ్లతో గిన్నెతో సహా, బిడ్డకి అవసరమున్నన్నాళ్లూ ఆగకుండా ఇవ్వాలి. మీరు చెయ్యగలిగింది పాలిచ్చే తల్లికి తిండి, నీళ్లు, చాటుగా కూర్చునే చోటు దొరికేలా డబ్బివ్వడం.

బాగా చిక్కిపోయిన పిల్లల సంగతి వేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో, మోచేతికీ భుజానికీ నడిమధ్య చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం కింద లెక్క. వాళ్లకి ఇచ్చే వేరుశనగ ముద్ద ప్యాకెట్ ఒక్కోటి 92 గ్రాములు, 500 కేలరీలు. నీళ్లు కలపక్కర్లేదు, చించి తినిపించడమే. చాలామంది ఇంట్లోనే కొన్ని వారాల్లో కోలుకుంటారు. ఈ చికిత్స నడిపే సంస్థకి ఇచ్చే డబ్బు వృథా పోదు.

---

కుట్టుదారం:

కుట్టు మిషన్ గురించి ఎవరూ మాట్లాడలేదు. దాతలకి అదంటే ఎందుకో అంత ప్రేమ. రిబ్బను కట్టి ఇవ్వడానికి బావుంటుంది, అంతే. ఒకే వీధిలో పదిమందికి మిషన్లిస్తే కుట్టించుకునేవాళ్లు పెరగరు, కూలి రేటు మాత్రం పడిపోతుంది. సూది విరిగితే, బెల్టు తెగితే బాగుచేయించే డబ్బుండదు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చెయ్యగానే ముందు అమ్ముడుపోయేదీ అదే.

పనిచేసిన పద్ధతి ఒకటుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో అతి పేద కుటుంబాలకి మొదలుపెట్టింది. ముందు కొన్ని నెలలు తిండి ఖర్చులకి డబ్బు. దాని వెనకే, కుటుంబం ఎంచుకున్న ఆస్తి ఒకటి: పశువులో, చిన్న వ్యాపారానికి సరుకో. దాన్ని చూసుకోవడానికి శిక్షణ, పొదుపు ఖాతా, జబ్బుకి వైద్యసాయం, రెండేళ్లపాటు క్రమంగా వచ్చి పలకరించే ఒక మనిషి. ఆరు దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాల మీద దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాల తిండి, ఆదాయం, ఆస్తి మెరుగ్గానే ఉన్నాయి.

మొదట్లో తిండి ఖర్చు ఎందుకంటారా? అది లేకపోతే ఆస్తి ఎదిగేలోపే అమ్ముకు తినాల్సొస్తుంది. దాతలు కత్తిరించేది సరిగ్గా ఆ ముక్కనీ, పలకరించే మనిషి జీతాన్నీ.

విరాళాన్ని చిన్న రుణాలుగా తిప్పుదామనే ఆలోచన కూడా మీలో ఎవరికో వస్తుంది, రాసిపెట్టుకోండి. 2015లోనే ఆరు దేశాల్లో సూక్ష్మ రుణాల మీద చేసిన పరీక్షలు కూడా వెలువడ్డాయి. సగటున పేదరికం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. నడుస్తున్న వ్యాపారానికి అప్పు పనికొస్తుంది. ఆపదలో ఉన్నవాళ్లకి అప్పిస్తే వాయిదా రోజు ఇంకో ఆపద.

---

పద్దుపుస్తకం:

జీతాల గుబులుకి జవాబు. షెల్టర్‌లో రాత్రి కాపలా, ఫోనెత్తే మనిషి, కౌన్సెలర్, లాయరు, వీళ్లే సేవ. వాళ్ల జీతం సాయం కాదనుకుంటే ఇక అక్కడ మిగిలేది గోడలే. అమెరికాలో స్వచ్ఛంద సంస్థలకి రేటింగులిచ్చే మూడు సంస్థలు 2013లో కలిసి దాతలకి బహిరంగ లేఖ రాశాయి: నిర్వహణ ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థను తూచవద్దని. ఆ శాతం మరీ తక్కువ చూపిస్తే, ఖర్చుని వేరే పద్దులో దాచారనో, సిబ్బందికి జీతాలు సరిగ్గా ఇవ్వడం లేదనో అనుకోవాలి. సిబ్బంది ఆరు నెలలకోసారి మారిపోయే చోట ప్రతి ఆడమనిషీ తన కథ మళ్లీ మొదటినుంచీ చెప్పుకోవాలి.

నేనైతే ఇవి అడుగుతాను. గత రెండేళ్ల ఆడిట్ లెక్కలు. విరాళాలు ఆగిపోతే ఎన్ని నెలలు నడవగలరు? మూడు నెలల కన్నా తక్కువంటే ప్రమాదమే, అలాగని రెండేళ్ల ఖర్చు పోగేసుకుని కూర్చుంటే మీ డబ్బు అవసరం అంతగా లేదన్నమాట. సిబ్బందిలో ఎవరైనా సాయానికి బదులుగా ఏదైనా ఆశిస్తే ఆ ఆడమనిషి ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు తీసుకునేది, సరుకులు పంచేది ఒకే మనిషి అయితే ఆ సంస్థని వదిలెయ్యండి. ఒక్క ఫిర్యాదూ రాలేదని గొప్పగా చెప్పినా జాగ్రత్త. ఫిర్యాదుకి దారి లేక రాలేదేమో.

---

మందారం:

చాలా స్పష్టత వచ్చింది. మరి నెలకి 100 వంతులు పోగయ్యాయనుకుంటే ఎలా పంచమంటారు?

---

పద్దుపుస్తకం:

60 వంతులు ఏ షరతూ లేకుండా ఒకే సంస్థకి, 30 వంతులు అదే సంస్థ అత్యవసర నిధికి, 10 వంతులు వాళ్లు జాబితా పంపినప్పుడు కొనే వస్తువులకి. నాలుగు సంస్థలకి చిల్లరగా పంచితే నాలుగు రసీదులు, నాలుగు నివేదికలు రాయించడం తప్ప లాభం లేదు.

---

గడపదాటి:

నేను అత్యవసర నిధికి 50 అంటాను. షరతుల్లేని డబ్బు బాగా నడిచే సంస్థలకి ఎలాగో వస్తుంది, అదే రోజు చేతిలో పెట్టే డబ్బుకే ఎప్పుడూ కటకట. వంతులు ఎలా వేసుకున్నా, ఏడాదికి ఎంత ఇస్తారో ముందే కాగితం మీద రాసివ్వండి, ఆపేటట్టయితే మూడు నెలల ముందు చెబుతామని కూడా. పండగ నెలలో ఒకేసారి వచ్చిపడే పెద్ద మొత్తంతో కౌన్సెలర్‌ని పెట్టుకోలేరు, నెలనెలా వస్తుందని నమ్మకముంటేనే పెట్టుకుంటారు.

పాత ఫోన్లు ఇచ్చేట్టయితే మీ అకౌంట్ల నుంచి లాగవుట్ అయ్యి, సిమ్, మెమరీ కార్డు తీసి, పూర్తిగా రీసెట్ చేసి, చార్జరుతో సహా ఇవ్వండి. పాత యజమాని అకౌంట్ అడుగుతూ లాక్ అయిపోయే ఫోన్ ఎవరికీ పనికిరాదు.