బడిలో కాల్పుల సంగతి ఏడేళ్ల పాపకు ఎంతవరకు చెప్పాలి?

అందరికీ నమస్కారం. మేము జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న కమ్మింగ్‌లో ఉంటున్నాం. 2024 సెప్టెంబరు 4న విండర్ దగ్గర అపలాచీ హైస్కూల్లో జరిగిన కాల్పుల్లో ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు చనిపోయారు. ఆ ఊరు మాకు కారులో సుమారు గంట దూరం.

రెండో తరగతి చదివే మా పాపకు తెలియకూడదని ఆ రోజు టీవీ పెట్టలేదు. కానీ వీడియో కాల్‌లో మా అమ్మ గుంటూరు నుంచి, "అక్కడ బడిలో పిల్లల్ని కాల్చేశారట కదా, మన పాప క్షేమమేనా?" అని పాప ముందే అడిగేసింది. ఆవిడను ఏమనగలను? ఆవిడ భయం ఆవిడది.

అప్పటినుంచి పాప ఒంటరిగా పడుకోవడం లేదు. బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటుంది; శనివారాల్లో మాత్రం ఆ నొప్పి రాదు. తలుపుకు తాళం వేసి, దీపాలు ఆర్పి, మూలన చప్పుడు చేయకుండా కూర్చునే డ్రిల్ బడిలో ఇంతకుముందూ ఉండేది. అప్పుడు దాన్ని ఆటలా వర్ణించేది. ఇప్పుడు "అప్పుడే నాకు తుమ్ము వస్తే ఎలా అమ్మా?" అంటోంది.

"మన బడిలో అలా జరగదు" అని ఒట్టు వేసి చెప్పలేను. అరెస్టయినది అదే బడిలో చదివే 14 ఏళ్ల కుర్రాడని చెప్పాలా, దాచాలా? అసలు ఆ ఊసే ఎత్తవద్దని మావారు అంటారు. మౌనంగా ఉంటే తను ఇంకా ఘోరంగా ఊహించుకుంటుందని నా బెంగ.

ఈ వయసు పిల్లలకు మీరు ఏ మాటలతో చెప్పారు? ఆ తుమ్ము ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి? మా అమ్మకు నొప్పి కలగకుండా ఎలా చెప్పాలో కూడా కాస్త చెప్పండి.