సర్వర్లో ఎవరెవరు ఉండారో లిస్టు తీసే స్క్రిప్టు కావాల

గుజ్జు_డెస్క్:
అన్నలూ, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటా ఉండా. కాయల సీజను, అర్ధరాత్రి కూడా వేబ్రిడ్జి ముందర ట్రాక్టర్లు లైన్లో ఉంటాయి. తూకం ఎక్సెల్ షీటు విండోస్ సర్వర్ 2019 షేర్ ఫోల్డర్లో ఉంది. మొన్న అప్‌డేట్లు పడినాయని చూసుకోకుండా రీస్టార్ట్ కొట్టేసినా. షీటు బిగుసుకుపోయేసరికి వేబ్రిడ్జి పిల్లోడు భయపడి కంప్యూటర్ ఆపేసినాడు. 11 బండ్ల తూకం గోవిందా. కార్బన్ కాపీలు పట్టుకుని తెల్లార్లూ మళ్లీ ఎక్కించినాం.

రీస్టార్ట్‌కు ముందర ఎవరెవరు కనెక్ట్ అయ్యుండారో ఫైల్లో రాసే స్క్రిప్టు కావాల. కనెక్ట్ అయినోళ్లను చూపించే 'నెట్ సెషన్' కమాండ్ బ్యాచ్ ఫైల్లో పెట్టి చూసినా, పొడుగు పేర్లకు తోక తెగిపోతా ఉంది.

పాత_సిసాడ్మిన్:
బ్యాచ్ వదిలెయ్ తమ్ముడూ, పవర్‌షెల్‌కి రా. దాంట్లో షేర్ ఫోల్డర్లకు కనెక్ట్ అయినోళ్లను చూపించే 'గెట్-ఎస్ఎంబీసెషన్' కమాండ్ సర్వర్ 2012 నుంచీ ఉంది. దాని లిస్టును 'సెలెక్ట్-ఆబ్జెక్ట్'కు పైపు చేసి (అంటే పంపించి) యూజర్ పేరు, క్లయింట్ కంప్యూటర్, నమ్‌ఓపెన్స్ (ఎన్ని ఫైళ్లు తెరిచినాడో) ఈ మూడే తీసుకో. లిస్టును ఫైల్లో రాసే 'ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ'కి అపెండ్ పెడితే పాత లిస్టు చెరగదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు, లేకుంటే యాక్సెస్ డినైడ్ అంటాది.

అలిపిరి_మెట్లు:
పేరు లిస్టులో ఉన్నంత మాత్రాన పని చేస్తా ఉండాడని కాదు సామీ. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నోళ్లందరికీ దర్శనం అయిపోయిందా? ఏ ఫైలూ తెరవకుండా ఊరికే ఉన్న సెషన్‌ను సర్వర్ మామూలుగా 15 నిమిషాలకు తెంపేస్తాది, అందాకా పేరు కనిపిస్తానే ఉంటాది. నీకు కావాల్సింది 'గెట్-ఎస్ఎంబీఓపెన్‌ఫైల్'. ఎవురు ఏ ఫైలు పట్టుకోనుండారో పాత్‌తో సహా చూపిస్తాది. ఎక్సెల్ అయితే ఫైలును పట్టుకునే ఉంటాది. నోట్‌ప్యాడ్ చదివేసి వదిలేస్తాది, కాబట్టి అందులో రాస్తున్నోడు దీంట్లో దొరకడు.

ఇంకోటి, ఆ పిల్లోడు కంప్యూటర్ ఆపకుండా డెస్క్‌టాప్ మీదికి సేవ్ యాజ్ కొట్టుంటే తూకాలు మిగిలేవి. ముందు అది నేర్పించు.

గుజ్జు_డెస్క్:
రెండూ ఒకే స్క్రిప్టులో పెట్టి నిన్న రాత్రి నడిపినా. పేర్లు తెగకుండా వచ్చినాయి. కంప్యూటర్ కాలమ్‌లో మాత్రం ఐపీ నంబర్లే. మా దగ్గర అందరికీ 'తూకం' అని ఒకటే లాగిన్ (తప్పే, ఒప్పుకుంటా), అందుకని ఆ నంబర్లే దిక్కు. తూకం షీటు రెండు చోట్ల తెరిచుంది. ఐపీ చివర 24 ఉండేది వేబ్రిడ్జిది. 31 ఎవురిదో తెలీక టార్చి పట్టుకుని తిరిగినా. గేటు దగ్గర సెక్యూరిటీ రూములో షీటు తెరిచిపెట్టి, కీబోర్డు మీద టిఫిన్ క్యారియర్ పెట్టి, పెద్దాయన నిద్రపోతా ఉండాడు.