పిల్లల భయాలు ఒకచోట, నా భయాలు ఇంకోచోట. మీ ఇళ్లలోనూ ఇంతేనా?

మా అమ్మాయికి 15, అబ్బాయికి 13. ట్యూషన్‌కి నడిచే వెళ్తారు. మొన్న ఇద్దరి చేతా విడివిడిగా ఆ దారి బొమ్మ గీయించి, ధైర్యంగా ఉండే చోట పచ్చరంగు, భయమేసే చోట ఎర్రరంగు వేయమన్నాను.

నేను హడలిపోయే నాలుగు రోడ్ల కూడలికి ఇద్దరూ పచ్చరంగే వేశారు! 5 నుంచి 29 ఏళ్ల వాళ్ల మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. పార్కు వెనక సందుకి మాత్రం అమ్మాయి కాగితం చిరిగేంతగా ఎర్రరంగు రుద్దింది. "ఆ గోడకి ఒక్క కిటికీ లేదమ్మా, అరిస్తే ఎవరికి వినపడుతుంది?" అంది. తమ్ముడికేమో అది షార్ట్‌కట్. వాడి భయమల్లా బస్టాపులో గుంపుగా నిలబడే పెద్ద కుర్రాళ్లు. ఇన్నాళ్లూ ఆ మాట నాతో అననే లేదు, మనసు చివుక్కుమంది.

1989లో టొరంటోలో మహిళల కోసం భద్రతా ఆడిట్ అని మొదలుపెట్టారు. ఆ దారిన తిరిగేవాళ్లే కలిసి నడుస్తూ వెలుతురు ఎంతుంది, ఎంత దూరం కనిపిస్తోంది, ఎవరైనా నక్కే మూలలున్నాయా అని రాసుకుంటారు. టీనేజీ పిల్లలతో ఇలాంటిది ఎవరైనా చేయించారా? అమ్మానాన్న పక్కనుంటే నోరు విప్పుతారా, లేక స్నేహితులతోనే పంపాలా?

ఇంకోటి. సందు వద్దంటే వాళ్లకి మిగిలేది ఆ కూడలే. బెదరగొట్టకుండా దాని సంగతి ఎలా చెప్పాలి? ఉపన్యాసాలు మావాళ్ల దగ్గర పనిచేయవు, ఇప్పటికే చూశాను.