ప్లాంటు పొగను బొగ్గు పొరలోకి పంపితే: ఫిక్ చాలా, మాక్స్‌వెల్–స్టెఫాన్ కావాలా?

మిర్యాలగూడ_ఎమ్మెస్సీ:
మా దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ ప్లాంటు పూర్తి సామర్థ్యం 4000 మెగావాట్లు. ఇలాంటి ప్లాంట్ల పొగలో ఎక్కువ భాగం నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ 12–15 శాతం. నల్గొండలో బొగ్గు లేదు కదా. అందుకే గోదావరి లోయలో తవ్వలేనంత లోతున్న బొగ్గు పొరలోకి ఈ పొగను ఎక్కిస్తే, ఆ బొగ్గు పట్టుకున్న మీథేన్ ఎలా బయటికొస్తుందో ప్రాజెక్టులో మోడల్ చేస్తున్నా. వాయువు గాఢత ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు పోతుందనే ఫిక్ నియమాన్ని ప్రతి వాయువుకూ విడిగా పెడితే చాలంటారు గైడ్ సార్. వాయువుల మధ్య రాపిడిని కూడా లెక్కలోకి తీసుకునే మాక్స్‌వెల్–స్టెఫాన్ సమీకరణాలు పెట్టకపోతే దండగంటాడు రూమ్మేట్. వైవా టెన్షన్ మొదలైంది, ఎవరి మాట వినాలి?

పాలమూరు_కెమిస్ట్రీ:
రూమ్మేట్ మాటే. 1962లో డంకన్, టూర్ రెండు బుడ్లను సన్నని గొట్టంతో కలిపారు. ఒకదాంట్లో హైడ్రోజన్, నైట్రోజన్. రెండోదాంట్లో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్. నైట్రోజన్ గాఢత రెండు వైపులా దాదాపు సమానం. ఫిక్ లెక్కన అది కదలకూడదు. కదిలింది, కొంతసేపు తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు కూడా పోయింది. పక్క వాయువులు లాక్కెళ్లాయన్నమాట. మీ బొగ్గులో మీథేన్ బయటికి, కార్బన్ డయాక్సైడ్ లోపలికి. ఈ ఎదురెదురు రాపిడిని విడివిడి ఫిక్ సమీకరణాలు చూడవు.
ఇంకోటి, తేలిక వాయువే త్వరగా వ్యాపిస్తుందని ఇంటర్‌లో చదివిన గ్రాహం నియమాన్ని ఇక్కడికి తేవద్దు. అణుభారం 16 ఉన్న మీథేన్ ముందుండాలి కదా అనిపిస్తుంది. కానీ బొగ్గు సూక్ష్మరంధ్రాల్లో బరువు కంటే అణువు వెడల్పే ముఖ్యం: కార్బన్ డయాక్సైడ్‌ది 0.33 నానోమీటర్లు, మీథేన్‌ది 0.38. అందుకే 44 బరువున్నదే సాధారణంగా త్వరగా దూరుతుంది.

కొత్తగూడెం_రిటైర్డ్:
తమ్మీ, ఆ బుడ్లలో బొగ్గు ఉందా? బొగ్గులో రెండు దారులు. గడ్డ లోపలి సూక్ష్మరంధ్రాల్లో వ్యాపనం, గడ్డల మధ్య చీలికల్లో డార్సీ ప్రవాహం, అంటే పీడనం తేడాతో పారడం. బావికి ఏదైనా చేరాలంటే చీలిక తెరిచి ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ పట్టుకున్న బొగ్గు ఉబ్బుతుంది, చీలిక మూసుకుపోతుంది. జపాన్‌లో యూబారి దగ్గర 2004 నుంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే పారగమ్యత, అంటే పొర వాయువును పారనిచ్చే గుణం, పడిపోయింది. 2006లో నైట్రోజన్ పంపితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కింపు పెరిగింది, అదీ కొన్నాళ్లే. వ్యాపన సమీకరణం ఎంత గొప్పదైనా ఈ ఉబ్బు లేని మోడల్ ఆ బావిని చూపించలేదు.

పాలమూరు_కెమిస్ట్రీ:
ఉబ్బు వద్దనలేదు సార్. కానీ ఏ వాయువు ఎంత లోపలికి దూరిందో తప్పుగా లెక్కిస్తే ఉబ్బు కూడా తప్పే వస్తుంది.

నకిరేకల్_కోడర్:
మధ్యలో అధిశోషణాన్ని, అంటే వాయువు బొగ్గు ఉపరితలానికి అంటుకోవడాన్ని, మర్చిపోతున్నారు. బస్సు సీట్ల లెక్క అది. మొత్తం పీడనం 40 అనుకుందాం: నైట్రోజన్‌ది 34, కార్బన్ డయాక్సైడ్‌ది 6. బొగ్గుకు నైట్రోజన్ కంటే కార్బన్ డయాక్సైడ్ మీద మక్కువ 8 రెట్లనుకుంటే 6×8=48కి 34. అంటే పొగలో 15 శాతమే ఉన్నా, నిండిన సీట్లలో సుమారు 59 శాతం దానివే. ఒకే సీట్ల కోసం చాలా వాయువులు పోటీపడే విస్తృత లాంగ్‌మ్యూర్ సమీకరణం చేసే పని ఇదే. చిక్కేమిటంటే, వాయువుల గరిష్ఠ సామర్థ్యాలు వేరువేరైతే అది ఉష్ణగతిక శాస్త్రానికి సరిపడదు. అప్పుడు మిశ్రమ అధిశోషణాన్ని లెక్కించే 1965 నాటి మైయర్స్–ప్రాస్నిట్జ్ పద్ధతి మేలు, కానీ మోడల్‌లో పొరను విడగొట్టిన ప్రతి గ్రిడ్ గడిలోనూ అదనపు లెక్క. నా ల్యాప్‌టాప్ ఫ్యాను సంగతి అడగొద్దు.

మిర్యాలగూడ_ఎమ్మెస్సీ:
అయితే సార్, ముందు ఫిక్, లాంగ్‌మ్యూర్, ఉబ్బు కలిపి నడిపిస్తా. తర్వాత ఫిక్ తీసి మాక్స్‌వెల్–స్టెఫాన్ పెట్టి, బావి దగ్గర నైట్రోజన్ చేరే సమయం మారుతుందేమో చూస్తా.

పాలమూరు_కెమిస్ట్రీ:
బావి దగ్గరొక్కటే చూస్తే తేడా కనపడదు, గడ్డ లోపలి గాఢతలు కూడా గీయి.

కొత్తగూడెం_రిటైర్డ్:
ఉబ్బు గుణకం, అంటే పట్టిన వాయువుకు బొగ్గు ఎంత ఉబ్బుతుందనే అంకె, ఎక్కడిది వాడుతున్నావ్? అమెరికా సాన్ హువాన్ బొగ్గుది తెచ్చి సింగరేణికి అంటించకు. మన బొగ్గులో బూడిదే ఎక్కువ, ఆ బూడిద వాయువును పెద్దగా పట్టదు.