రిమోట్ డెస్క్‌టాప్ కోసం రౌటర్‌లో పోర్టు తెరవడం సబబేనా?

బ్రాడీపేట అకౌంటెంట్:
గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే ఒకరికి నేను లెక్కలు రాస్తాను. వారి ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఆఫీసులో రౌటర్ వెనుక 192.168.1.20 చిరునామాతో ఉంది. 11న జీఎస్‌టీఆర్-1, 20న జీఎస్‌టీఆర్-3బి గడువులు మీద పడినప్పుడు ఇంటి నుంచే ఆ పని చూసుకోవాలనుకుంటున్నాను. నెట్ కనెక్షన్ పెట్టినతను రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచే మరో కంప్యూటర్‌ను నడిపే విండోస్ సదుపాయం) వాడే 3389 పోర్టును, అంటే రౌటర్‌లో ఆ నంబరు గల దారిని, ఆ కంప్యూటర్‌కు మళ్లిస్తే చాలంటున్నాడు. ఆడిటరు గారు ససేమిరా వద్దంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

సత్యనారాయణపురం:
నిక్షేపంగా మళ్లించుకోండి. బయటి పోర్టు నంబరు మార్చి, పాస్‌వర్డు గట్టిగా పెట్టి, నాలుగైదు తప్పులకు ఖాతా లాక్ అయ్యేలా చేస్తే భయమేమీ లేదు. నేను అలాగే నడుపుతున్నాను.

బెజవాడ నెట్‌వర్క్:
ఈ సలహాతో నేను ఏకీభవించను. ఇంటర్నెట్ అంతటినీ జల్లెడపట్టే స్కానర్లు ఏ నంబరులో ఉన్నా రిమోట్ డెస్క్‌టాప్‌ను పసిగడతాయి. అలా తెరిచి ఉంచిన కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే చిట్టా) తెరిచి 4625 నంబరుతో వెతికితే, అడ్మిన్, యూజర్, టెస్ట్ వంటి పేర్లతో విఫలమైన లాగిన్ ప్రయత్నాలు వరుసగా కనిపిస్తాయి. ఇక పాస్‌వర్డు సంగతంటారా, 2019 మే నెలలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బయటపడిన బ్లూకీప్ అనే లోపం గుండా చొరబడడానికి పాస్‌వర్డుతో పనే లేదు. 2014లోనే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చిందంటే ప్రమాదం ఎంతటిదో ఊహించుకోండి. వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మీకు మాత్రమే ఉండే సొరంగం లాంటి కనెక్షన్) పెట్టుకుని, దాని లోపలి నుంచే రిమోట్ డెస్క్‌టాప్ వాడండి.

సత్యనారాయణపురం:
వీపీఎన్‌కు మాత్రం పోర్టు తెరవక్కర్లేదా? అదీ సాఫ్ట్‌వేరే, దానిలోనూ లోపాలుంటాయి.

బెజవాడ నెట్‌వర్క్:
తెరవాలి, ఒప్పుకుంటాను. అయితే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు తట్టిన ప్రతివారికీ పలుకుతుంది. వైర్‌గార్డ్ సరైన తాళంచెవి లేని ప్యాకెట్‌కు అసలు బదులే ఇవ్వదు కనుక, స్కానర్‌కు అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. మీ ఇంట్లో స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని నెట్ చిరునామా) ఉండి, రౌటర్‌లో ఆ ఒక్క చిరునామాకే అనుమతి ఇస్తే మీ పద్ధతికీ నేను అడ్డు చెప్పను. అలా ఎంతమంది చేస్తారన్నదే నా సందేహం.

పట్టాభిపురం:
అసలు ఆ ఆఫీసు కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగల చిరునామా) ఉందా? రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు ఉన్న చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీ-న్యాట్ (నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనుక ఉన్నట్లే. అప్పుడు మీ రౌటర్‌లో ఏ పోర్టు మళ్లించినా బయటివారికి చేరదు.

బ్రాడీపేట అకౌంటెంట్:
ఇప్పుడే ఆఫీసులో చూశాను, 100.72తో మొదలవుతోంది. పైగా ఇందులో ఉన్నది విండోస్ హోమ్.

బెజవాడ నెట్‌వర్క్:
హోమ్ ఎడిషన్ బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌ను స్వీకరించదు, ప్రోకు మారాలి. సీజీ-న్యాట్ విషయానికొస్తే, టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ సేవలో రెండు కంప్యూటర్లూ బయటికే కనెక్ట్ అవుతాయి కాబట్టి పోర్టు తెరిచే పనే లేదు. లేదంటే కనెక్షన్ వాళ్లను స్టాటిక్ ఐపీ అడగాలి. ఏది చేసినా ఆ కంప్యూటర్‌లో స్లీప్ ఆపేసి, కరెంటు పోయి వచ్చాక తానే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో) సెట్ చేయించండి. లేకుంటే 20వ తేదీ సాయంత్రం మీరు స్వయంగా యార్డుకు వెళ్లి బటన్ నొక్కాల్సి వస్తుంది.