కంపెనీ ఒప్పందంలో చిన్న రైతుకు మిగిలేదెంతో ఎలా తేల్చాలి?

అందరికీ నమస్కారం. కంపెనీలు రైతుల దగ్గర నేరుగా కొనే చోట చిన్న కమతాల వాళ్ల బతుకు ఎలా మారుతోందో గమనించే పని మా చిన్న బృందం మీద పడింది. ఇలాంటి పని చేసినవాళ్లుంటే కాస్త దారి చూపండి.

కంపెనీ నివేదికల్లో ఎంతసేపూ ఇంతమందికి శిక్షణ ఇచ్చాం, ఇంత ధర కట్టాం అనే ఉంటుంది. విత్తనం, ఎరువుల అప్పు కింద పట్టుకున్నది, నాణ్యత లేదని తిప్పి పంపిన సరుకు, డబ్బు చేతికొచ్చేదాకా కట్టిన వడ్డీ, ఇంటిల్లిపాది చాకిరీ (దీన్ని ఎవరూ లెక్కలో వేయరు) పోగా మిగిలేదెంత? అది తేలాలి. చాలామంది జమాఖర్చులు రాసుకోరు. పంట అమ్మిన చాలా నెలలకు అడిగితే చెప్పే అంకెలు నమ్మొచ్చా, లేక పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి అడగడం మేలా?

అసలు చిక్కు వేరే ఉంది. ఒప్పందంలో చేరేవాళ్లు తరచూ ముందునుంచీ నీళ్లు, భూమి కాస్త ఎక్కువున్నవాళ్లే. చేరనివాళ్లతో పోలిస్తే కనిపించే తేడా కంపెనీ వల్లా, నీళ్ల వల్లా? మధ్యలో మానేసినవాళ్లేమో జాబితాలోంచే మాయం. అసలు కథ వాళ్ల దగ్గరే ఉందని నా అనుమానం. వాళ్లను మీరెలా వెతికి పట్టుకున్నారు?

2016లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలుండే ఆర్థిక సహకార సంస్థ), ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) కలిసి తెచ్చిన వ్యవసాయ సరఫరా గొలుసుల మార్గదర్శకాలు చదివాను. కంపెనీలు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఐదు అంచెల్లో చెప్పారు, బాగుంది. కానీ కంపెనీ ఏజెంటు పక్కనే నిలబడి ఉంటే రైతు నోరు విప్పడు కదా! ఒప్పందం భర్త పేరున, పని భార్యది అయినప్పుడు ఎవరిని అడగాలి?

మీరు వాడిన ప్రశ్నావళి ఏదైనా ఉంటే పంచుకోండి.