ఊర్మిళ నోట ‘ఆగడము’: అర్థం గురించి

తెలుగు స్త్రీల పాట ‘ఊర్మిళాదేవి నిద్ర’లో ‘అయ్య మీరెవ్వరయ్య’ అని మొదలయ్యే చరణంలోని ‘ఆగడము’ను ఒక మిత్రులు ‘కొంటెతనం’గా వివరించారు. ఆ అర్థం ఇక్కడ పొసగదని నా అభిప్రాయం. ఆగడం అంటే దుండగం, హద్దు మీరిన చేష్ట. ‘ఆకతాయిల ఆగడాలు’ అని పత్రికలు నేటికీ రాస్తున్నది ఈ అర్థంలోనే. పాట నడక కూడా దీన్నే బలపరుస్తోంది. పద్నాలుగేళ్ల నిద్రలో ఉన్న ఊర్మిళ, తన శయ్య మీద చేరి పిలిచిన పురుషుణ్ణి పరాయివాడనుకొని, తన తండ్రి జనకుడు వింటే దండించక మానడని హెచ్చరిస్తుంది. పరస్త్రీని కోరిన ఇంద్రుడికీ రావణుడికీ పట్టిన గతిని గుర్తుచేస్తుంది. కొంటెతనాన్ని మందలించడానికి ఎవరూ రావణుడి చావును ఎత్తరు.

ఈ చరణాన్ని యూరప్‌లోని నిద్రించే రాకుమారి కథ పక్కన పెట్టి చదవాలి. 1634-36 మధ్య ఇటలీలో వెలువడిన, అక్కడి రచయిత బసీలే కథల సంపుటంలో, నిద్రలో ఉన్న తాలియా అనే యువతిని ఒక రాజు చెరిచి వెళ్లిపోతాడు. ఆమె నిద్రలోనే కవలలను కంటుంది. 1697లో ఫ్రెంచి రచయిత పెరో ఈ కథను తిరగచెబుతూ ఆ దౌర్జన్యాన్ని తొలగించాడు. 1812లో జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరులు ఆమెను రాకుమారుడి ముద్దుతో మేల్కొలిపారు. ఈ మూడింటిలోనూ మేలుకున్న స్త్రీ ఎదుటివాణ్ణి నిలదీయదు. ఆ లోటును ఎత్తిచూపుతూ స్త్రీ సమ్మతి ప్రశ్నను కథలోకి తెచ్చినవారు ఆధునిక స్త్రీవాద రచయిత్రులు.

మన పాటలో వచ్చినవాడు సాక్షాత్తూ భర్త లక్ష్మణుడే. అయినా ఆడవాళ్లు తమలో తాము పాడుకుంటూ నిలుపుకున్న ఈ పాట, భర్త కనుక అడగనక్కరలేదని అనుకోలేదు. తాను రాముడి తమ్ముణ్ణనీ జనకుడి అల్లుణ్ణనీ లక్ష్మణుడి చేతనే చెప్పించింది. ఊర్మిళ ‘అయ్య’ అనీ ‘మీరు’ అనీ అనడాన్ని అణకువగా చదవడం కూడా సరికాదు. భార్య భర్తను పిలిచే తీరు కాదది, పరాయి మగవాణ్ణి ఎడంగా నిలబెట్టే తీరు. కోపం ఎంత ఉన్నా ఆ ఎడాన్ని ఆమె సడలనివ్వలేదు.

అందువల్ల ఈ పాటను పిల్లలకు వచనంలో చెప్పేవారు ‘ఆగడము’ను ‘అల్లరి’గా మెత్తబరచవద్దని నా మనవి. ‘ఎవరు మీరు, ఎంత దౌర్జన్యానికి వచ్చారు’ అంటే పిల్లలకూ తెలుస్తుంది, ఊర్మిళ మాటా నిలుస్తుంది. మీ ఇళ్లలో పాడే పాఠంలో ఈ చోట మరో మాట ఉంటే, ప్రాంతం పేరుతో సహా ఇక్కడ రాయగలరు.